చీపురు బండిలో నలభై ఏడు

సాయంత్రం ఆరూ పది. కౌటర్‌బెక్ ఊరి చివర, రాళ్ళ బాట పక్కన మురుగు కాలవలో శవం కనిపించింది.

చూసినవాడు పాల ట్యాంకర్ డ్రైవర్. ముందు సైకిల్ చక్రం కనబడింది. తర్వాత చెయ్యి.

చనిపోయినవాడి పేరు యోరన్. ముప్ఫై మూడేళ్ళు. ఆ రోజు సైకిల్ పందెంలో అతని నంబరు నలభై ఏడు. ఒంటి మీద పల్చటి జెర్సీ, నిక్కరు. అంతే.

ఫిబ్రవరి ఆఖరి శనివారం. మంచు కలిసిన వాన. రెండు డిగ్రీలు. అలాంటి రోజున మా ఫ్లాండర్స్‌లో ఆవుల్ని కూడా బయటికి తోలం. సైకిళ్ళ వాళ్ళని మాత్రం తోలుతాం. పైగా గొడుగులు పట్టుకుని చప్పట్లు కొడతాం. సిగ్గులేని జనం మేము.

ఇన్‌స్పెక్టర్ మార్లీన్ కాలవలోకి దిగింది. యాభై ఏళ్ళ మనిషి. మాటలు తక్కువ.

"ఎప్పుడు పడ్డాడు?"

"రెండూ ఇరవై ప్రాంతంలో. సైకిల్ మీటరు అప్పుడే ఆగింది" అన్నాడు డాక్టర్. "కాలు విరిగింది. తలకి దెబ్బ లేదు. చలికి పోయాడు."

"ఎన్నింటికి?"

డాక్టర్ కళ్ళు దించుకున్నాడు. "ఐదు దాకా ప్రాణం ఉండి ఉంటుంది మేడమ్."

మార్లీన్ లెక్క వేసింది. పందెం ముగిసింది మూడూ నలభైకి. అప్పుడే వెతికి ఉంటే మనిషి బతికేవాడు. ఎందుకు వెతకలేదు?

పందెం రికార్డులో జవాబు ఉంది. "నంబరు 47. చీపురు బండి ఎక్కాడు. టైము 2:40."

చీపురు బండి అంటే పందెంలో అందరికంటే వెనక వచ్చే వ్యాను. ఇక తొక్కలేనన్నవాణ్ణి ఊడ్చుకొచ్చినట్టు ఎక్కించుకుంటుంది. ఎక్కగానే వీపు మీది నంబరు ఇచ్చేయాలి. అది ఆనవాయితీ. నంబరు బండిలో ఉందంటే మనిషి క్షేమం. ఇక ఎవరూ వెతకరు.

నంబరు బండిలో. మనిషి కాలవలో. అదెలా?

బండి డ్రైవర్ ఓడీల్. అరవై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బండి అతనిదే. నంబర్లు తీసేదీ, రాసేదీ అతనే. కుర్రాళ్ళంతా మామా అని పిలుస్తారు.

ఆ రాత్రి పోలీస్ స్టేషన్‌లో యోరన్ భార్య ఎల్కే ఓడీల్ కోటు పట్టుకుంది.

"నా మొగుణ్ణి ఎక్కడ దింపేశావ్ ముసలాడా? వాంతి చేసుకున్నాడనా? సీటు పాడవుతుందనా?"

ఆమెని అవతలికి తీసుకెళ్ళాక మార్లీన్ ఓడీల్‌కి కాఫీ పోసి ఇచ్చింది.

"ఎంతమంది ఎక్కారు?"

"ఇరవై ముగ్గురు. ఇరవై మూడు నంబర్లు. డబ్బాలో ఉన్నాయి."

"నలభై ఏడు ఎక్కడ దిగాడు?"

"అందర్నీ పందెం ముగిసేచోట, స్కూలు దగ్గర దింపానమ్మా. దారిలో ఎవర్నీ దింపలేదు." కప్పు కింద పెట్టాడు. "దింపలేదనే అనుకుంటున్నా. ఇందాకట్నించీ అందరూ అదే అంటుంటే నాకే అనుమానం వస్తోంది. ముసలితనం. దించేసి మర్చిపోయానేమో."

చేయని పాపం నెత్తిన వేసుకోవడానికి ముసలాయన సిద్ధమైపోతున్నాడు. మార్లీన్‌కి ఒళ్ళు మండింది.

యోరన్ జెర్సీని ల్యాబ్‌లో రక్తపు మరకల కోసం అంగుళం అంగుళం వెతికారు. ఏమీ దొరకలేదు. మర్నాడు పొద్దున్నే మార్లీన్ దాన్ని తిరగేసింది. వీపు మీద చెయ్యి పెట్టి తడిమింది. లైటుకి అడ్డం పట్టింది. తర్వాత ఫోన్ తీసింది.

"యోరన్ జట్టు బట్టల మూట ఇంకా ఉతకలేదు కదా? ముట్టుకోకండి. వస్తున్నా."

ఆదివారం పదకొండు గంటలు. చర్చి పక్కన హాలు. ఎల్కే వచ్చింది. ఓడీల్ వచ్చాడు. మూడోవాడు సీబె. ఇరవై నాలుగేళ్ళు, యోరన్ జట్టువాడే. జ్వరంతో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"సీబె, నిన్న ఎలా తిరిగొచ్చావ్?"

"చీపురు బండిలో మేడమ్."

"నీ నంబరు?"

"యాభై రెండు."

"యాభై రెండు నా బండి ఎక్కలేదమ్మా!" అన్నాడు ఓడీల్. "ఒట్టు!"

"ఇద్దరూ నిజమే చెబుతున్నారు." మార్లీన్ జెర్సీ పరిచింది. "దీని వీపు చూడండి. సీజన్లో మొదటి పందెం. సరికొత్త జెర్సీ. నంబరు తగిలిస్తే నాలుగు పిన్నీసులకి ఎనిమిది చిల్లులుండాలి. ఒక్కటీ లేదు."

మార్లీన్ జెర్సీని ఓడీల్ ముందుకి జరిపింది.

"ఇంత చలిలో ఎవరైనా నంబరు ఎక్కడ తగిలిస్తారు?"

"పైజాకెట్టుకి" అన్నాడు ఓడీల్, నెమ్మదిగా.

మార్లీన్ సంచీలోంచి నల్ల జాకెట్టు తీసింది. "చిల్లులన్నీ ఇక్కడున్నాయి. కాలర్ లోపల యోరన్ పేరు. ఇది దొరికింది సీబె విడిచిన బట్టల్లో."

ఎల్కే లేచి నిలబడింది. "లాక్కున్నావా?"

"అయ్యో, లేదు వదినా!" సీబె ఏడ్చేశాడు. "మధ్యలో కాస్త ఎండ కాస్తే నా జాకెట్టు నంబరుతో సహా జట్టు కారులో పడేశాను, వెధవని. వాన మళ్ళీ పట్టుకుంది. అన్న సైకిల్ చైను ఊడితే ఆగాను. నేను వణకడం చూసి తనదే విప్పి తొడిగాడు. నా వేళ్ళు పనిచేయట్లేదని జిప్పు కూడా తనే లాగాడు. నిలబడితే చస్తావ్, పోరా అన్నాడు. తర్వాత బండిలో అన్న కనబడకపోతే జట్టు కారెక్కాడనుకున్నా."

మార్లీన్ ఓడీల్ వైపు తిరిగింది. "మొహం చూశారా?"

"అందరి మొహాలూ బురదేనమ్మా. వెనక్కి తిరగమన్నా. పిన్నీసులు ఊడదీసి నలభై ఏడు అని రాసుకున్నా. నేనెప్పుడూ వీపులే చూస్తాను."

మిగతాది మార్లీన్ చెప్పింది. యాభై రెండు ఏమయ్యాడని పందెం నిర్వాహకులు జట్టుని అడిగితే, మా బస్సులోనే ఉన్నాడన్నారు. జట్టు కారెక్కి వచ్చాడని రాసేశారు. యోరన్ ఇల్లు దగ్గరే కాబట్టి బండి దిగి ఇంటికెళ్ళాడని జట్టు అనుకుంది. జట్టుతో ఉన్నాడని ఎల్కే అనుకుంది. అతని ఫోను బస్సులో, సంచీలో మోగుతూనే ఉంది. విరిగిన కాలుతో అతను కాలవలోంచి లేవలేకపోయాడు.

"ఎవరూ ఎవర్నీ చంపలేదు. ఓడీల్ గారూ, మీ మీద కేసు లేదు."

ఎల్కే సీబె దగ్గరికి వెళ్ళింది. "ఇంకేమన్నాడు? దాచకు."

సీబె తల వంచుకున్నాడు. "నువ్వెలా వస్తావన్నా అని అడిగాను. నా గురించి బెంగెందుకురా, వెనక ఓడీల్ మామ ఉన్నాడుగా, ఎక్కించుకుంటాడులే అన్నాడు."

ఓడీల్ కుర్చీలో కూలబడ్డాడు. కేసు లేదన్న మాట అతనికి చెవిన పడినట్టు లేదు.

"రెండూ ఇరవై అయిదుకి ఆ బాటనే వచ్చానమ్మా" అన్నాడు ఎల్కేతో. "రోడ్డే చూశాను. కాలవలోకి చూడలేదు. ఏదైనా అనమ్మా. ఊరుకోకు తల్లీ."

ఎల్కే అతని వంక చూసింది. కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు.

"మీ బండి చప్పుడు ఆయనకి వినబడే ఉంటుంది మామా" అంది.

ముసలాయన రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఎల్కే అతని పక్కనే కూర్చుని ఏడ్చింది. మార్లీన్ కాగితాలు సర్దుకుని, సీబెని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.