పసుపు గీత దాటిన మెకానిక్

"మేడమ్, గీత వెనక్కి జరగండి," అన్నాడు ఐసాకే.

ఆ అమ్మాయి జరగలేదు. చేతిలో ఉన్న కాగితాల దొంతరను విసనకర్రలా ఒక్కసారి విదిలించింది. బల్ల అంచుకు టకటకా కొట్టి నాలుగు మూలలూ సమం చేసింది. అప్పుడు తీరిగ్గా కిందికి చూసింది. నేల మీద పసుపు గీత ఇంకా తడారలేదు. ఆమె బల్లకున్న నాలుగు కాళ్ళలో రెండు గీతకు ఇవతల, రెండు అవతల ఉన్నాయి.

"ఏ కాలు జరపమంటావు? నాదా, బల్లదా?"

"రెండూ. మిషను తిరిగేటప్పుడు ఈ గీత లోపల మనిషి ఉండకూడదు. రూలు."

"ఆరేళ్ళుగా ఇక్కడే నిలబడ్డాను. మీ మిషను నిన్న దిగింది. ఎవరు ఎవరి గీతలోకి వచ్చినట్టు?"

ఐసాకే ఆ మిషను అమ్మిన ఏజెన్సీలో మెకానిక్. ఆక్లాండులో మూడు నెలలు ట్రైనింగిచ్చిన వాళ్ళు మిషను గురించి అన్నీ చెప్పారు గానీ కెలెరా గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

దీవుల దేశపు రాజధాని సువాలో, వలు బే రేవు పక్కనున్న సీ బ్రీజ్ ప్రింటర్స్‌లో కెలెరాది కాగితాలు తిరగేసే పని. ఒకవైపు అచ్చయిన కాగితాలు నడుమెత్తు దొంతరగా వస్తాయి. రెండో వైపు అచ్చు వేయాలంటే ఆ దొంతర మొత్తం బోర్లా పడాలి. ఆమె విడతకు వంద కాగితాలు ఎత్తి, మధ్యకు గాలి ఆడేలా విదిలించి, తిరగేసి, అంచులు సరిచేసి పక్కన పేరుస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే.

మేనేజరు ఎపేలీగారు ఆ మధ్య నాందీలో మూడు రోజుల సెమినారుకు వెళ్ళి ఎఫిషియెన్సీ అనే జబ్బు అంటించుకొచ్చారు. వచ్చీ రాగానే దొంతరను ఇనప చేతుల మధ్య బిగించి, గిర్రున తిప్పి, గాలి ఊది, కుదిపి సమం చేసే మిషను తెప్పించారు. రిబ్బను కత్తిరించారు. యాంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపి అందరికీ కొబ్బరి చిప్పలతో పోశారు. నలభై నిమిషాలు ప్రసంగించారు. మిషనును ఆన్ చేయడం ఒక్కటే తక్కువ.

ఎందుకంటే, మిషను పక్కన జాగ్రత్తల పోస్టర్లు అంటించాలని సేఫ్టీ కమిటీ తీర్మానించింది. అవి అంటించేదాకా మిషను ముట్టుకోకూడదు. పోస్టర్లకు రెండు వైపులా అచ్చు ఉండాలి. అంటే దొంతర తిరగేయాలి. మిషను ముట్టుకోకూడదు కాబట్టి కెలెరాయే తిరగేయాలి.

అలా ఆమె నాలుగు వేల పోస్టర్లను చేత్తో తిరగేసింది. ప్రతి పోస్టరు మీదా ఎర్రటి అక్షరాలు: "కాగితాలను చేత్తో తిరగేయరాదు. నడుము జాగ్రత్త."

*

ఎన్నడూ తిరగని మిషనుకు కూడా గురువారం గురువారం సర్వీసింగు చేయాలని ఒప్పందం. ఐసాకే వచ్చేవాడు. దుమ్ము తుడిచేవాడు. "నడిచిన గంటలు" అన్న చోట సున్నా వేసి సంతకం పెట్టేవాడు. పని పావుగంట. ఉండేది మూడు గంటలు.

"కొత్తల్లుడు ఎలా ఉన్నాడు?" అని అడిగేవాడు అప్పల్‌సామి అంకుల్. రాకిరాకి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అక్కడ కటింగు మిషను నడుపుతున్న పెద్దాయన.

"ఎవరంకుల్, నేనా?"

"నువ్వెందుకవుతావు అబ్బాయ్! ఇదిగో, ఈ మిషను. నిగనిగలాడుతూ కూర్చుంది. పనీ పాటా లేదు. తుడవడానికి ఒక మనిషి."

రెండో గురువారం వానలో తడిసి వచ్చాడు ఐసాకే. కెలెరా ఒక కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తోంది.

"ఏంటది?"

"విను." అతని చెవి దగ్గర ఆడించింది. "పొడి కాగితమైతే గలగలలాడుతుంది. వాన పట్టిందనుకో, నీలాగే గొంతు రాదు. ఏ ఊరు మీది?"

చెప్పాడు. కందావు దీవిలో ఒక మూల ఊరు.

కెలెరా చేతిలో కాగితం ఆగిపోయింది. మొహం మతాబాలా వెలిగింది. "ఓయిలేయ్! అంకుల్, విన్నావా? వీడు మా టౌవూ! పీతల దొంగల ఊరు వీడిది!"

టౌవూ ఊళ్ళ వాళ్ళు ఎదురుపడితే బావామరదళ్ళ కిందే లెక్క. తాతల నాటి వరస. ఎంత మాటైనా అనొచ్చు, ఏ వస్తువైనా లాక్కోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు.

"పీతలు దొంగిలించింది మేమా? నిద్రపోతూ పోగొట్టుకున్న సోమరులు మీరు!" అన్నాడు ఐసాకే.

"ఏదీ, ఆ సంచీలో ఏముంది?" సంచీ తెరిచి బంగాళాదుంప కూర చుట్టిన రోటీ తీసి కొరికేసింది. "మా పీతల బాకీ కింద జమ."

ఆ రోజు ఐసాకే ఆకలితో ఇంటికెళ్ళాడు. ఈల వేసుకుంటూ వెళ్ళాడు. పై వారం రెండు రోటీలు తెచ్చాడు. రెండూ లాక్కుంది. నాలుగు తెచ్చేసరికి అతనికి విషయం అర్థమైంది. తను ప్రేమలో పడ్డాడు.

ప్రేమలో పడటం తేలికే. చెప్పి నమ్మించడం దగ్గరే చిక్కొచ్చింది. ఒక గురువారం టీ వేళ అందరి ముందూ గుండె చిక్కబట్టుకుని అన్నాడు.

"కెలెరా, నువ్వంటే నాకిష్టం."

బైండింగు సెక్షనంతా గొల్లుమంది. అప్పల్‌సామికి టీ పొలమారింది.

"నాకూ నువ్వంటే ప్రాణమే," అంది కెలెరా, చెయ్యి చాపుతూ. "ముఖ్యంగా నువ్వు తెచ్చే రోటీ."

"నిజంగా చెబుతున్నా."

"మీ ఊళ్ళో నిజం ఎప్పటినుంచి మొదలైంది?"

మళ్ళీ నవ్వులు. ఐసాకే కూడా నవ్వాడు. నవ్వకపోతే ఓడిపోయినట్టు కదా.

నోటితో లాభం లేదని రాతలోకి దిగాడు. సర్వీసింగు ఫారంలో "ఇతర గమనికలు" అని ఒక గడి ఉంది. ఆ ఫారం మీద కెలెరా కూడా సంతకం పెట్టాలి. అందులో గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఇక్కడ పనిచేసే కెలెరాను నేను మనస్ఫూర్తిగా ప్రేమిస్తున్నాను. ఇది వేళాకోళం కాదు."

కెలెరా చదవకుండానే సంతకం గీకి పారేసింది. ఫారం మేనేజరు గదికి, అక్కడినుంచి కమిటీకి వెళ్ళింది. ఐదుగురు పెద్దలు పరిశీలించారు. ఐసాకేకు వారమంతా నిద్ర లేదు. గురువారానికి ఫారం తిరిగొచ్చింది. గడి పక్కన నీలం ముద్ర: "గమనించడమైనది. భాగం మార్చనవసరం లేదు."

"కనీసం కమిటీ ఒప్పుకుంది," అన్నాడు అప్పల్‌సామి, కళ్ళజోడు సవరించుకుంటూ.

"వాళ్ళు చదవలేదంకుల్!"

"చదివితే ఒప్పుకునేవాళ్ళా? సంతోషించు."

*

మార్చి నెలాఖరు. బుధవారం పట్టిన వాన శుక్రవారం కూడా వదల్లేదు. దూరపు దీవుల బడులకు వెళ్ళే వాచకాలు అచ్చవుతున్నాయి. సాయంత్రం ఆరింటికి రేవులో ఓడ. తప్పితే మళ్ళీ మూడు వారాలకే. అన్నాళ్ళూ అక్కడి పిల్లలు నలుగురికో చిరిగిన పుస్తకం పంచుకోవాలి.

చెడిన బోల్టు మార్చే వంకతో ఐసాకే వచ్చాడు. ఎన్నడూ తిరగని మిషనులో బోల్టు ఎలా చెడిందని ఎవరూ అడగలేదు.

కెలెరా అతన్ని ఒక్కసారి చూసి మళ్ళీ పనిలో పడింది. సంచీ వైపు చెయ్యి చాపలేదు. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పైన వాపు కనిపిస్తోంది. వాన తేమకు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. ఆమె విదిలిస్తోంది, పళ్ళు బిగిస్తోంది, మళ్ళీ విదిలిస్తోంది. ఇంకా నాలుగు దొంతరలు మిగిలాయి. గంట మూడయింది.

"చెయ్యి చూపించు," అన్నాడు.

"నీకేం, డాక్టరువా? పక్కకు జరుగు."

అంతే. అందులో పీతలు లేవు, దొంగలు లేరు. ఆ మామూలు మాట వినగానే ఐసాకే చేతిలోని బోల్టు బల్ల మీద పెట్టేశాడు. సరాసరి మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"సార్, మిషను వేస్తాను. గంటలో అయిపోతుంది."

"వేద్దాం, వేద్దాం," అన్నారు ఎపేలీగారు. "ముందు పోస్టర్లు అంటించాలి కదా."

"అచ్చయి నెలయింది కదా సార్. ఏవీ?"

"లామినేషనుకు వెళ్ళాయి."

"ఎప్పుడొస్తాయి?"

"లామినేషను మిషనుకు సేఫ్టీ పరిశీలన జరుగుతోంది. దానికీ పోస్టర్లు వేయించాలి."

"సార్, ఆ అమ్మాయి చెయ్యి వాచిపోయింది."

మేనేజరు ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "అయ్యో. దానికి వేరే ఫారం ఉంది. నింపమను."

"ఏ చేత్తో నింపమంటారు సార్?"

జవాబు కోసం ఆగకుండా బయటికొచ్చాడు. పసుపు గీత దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. దాటాడు. తాళం తిప్పాడు.

మిషను ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగింది. అప్పల్‌సామి, ఐసాకే కలిసి మొదటి దొంతరను బండితో లోపలికి తోశారు. ఇనప చేతులు దాన్ని మెల్లిగా బిగించి, గాల్లోకి లేపి, నిద్రపోయే పిల్లను పక్కకు ఒత్తిగిలించినట్టు తిప్పాయి. కాగితాల మధ్యకు గాలి బుస్సుమంది.

"ఆపు!" అని అరిచింది కెలెరా. "గాలి తగ్గించు! తడి కాగితం, చిరుగుతుంది!"

తగ్గించాడు.

ఆమె గీత దాకా వచ్చి కళ్ళు మూసుకుని వింది. "ఇంకొంచెం... ఇంకొంచెం. ఆఁ, అక్కడ. ఇప్పుడు కుదుపు. అంతొద్దు, నీ మిషనుకు పూనకం వచ్చిందా? మెల్లిగా."

ఆమె చెబుతోంది, అతను మీటలు తిప్పుతున్నాడు. మూడు నెలల ట్రైనింగులో వాళ్ళు నేర్పిన అంకెలు ఒక్కటీ ఆ వానకు పనికిరాలేదు. ఆమె చెవి పనికొచ్చింది. కుదుపు ఆగేసరికి దొంతర కత్తితో కోసిన జున్నులా తిన్నగా నిలబడింది. కెలెరా ఎడంచేత్తో దాని అంచు నిమిరింది. తర్వాత ఐసాకే వైపు చూసింది. ఆ చూపును ఎలా అర్థం చేసుకోవాలో తెలియక అతను మీట తప్పు వైపుకు తిప్పాడు.

నాలుగు దొంతరలూ తిరిగి, రెండో వైపు అచ్చయి, కోతా బైండింగూ ముగించుకున్నాయి. ఐదుంపావుకల్లా కట్టలు కట్టి ఓడకెక్కించారు.

కమిటీకి ఫోన్లు చేయడం ముగించి మేనేజరు అప్పుడు పరుగున వచ్చారు. ఖాళీ అయిన కెలెరా బల్లను చూడలేదు. ఐసాకే బూట్లు గీతకు ఎటువైపున్నాయో చూశారు.

"ఫారం ఉందా?"

*

సోమవారం రెండు జరిగాయి. పిల్లల పుస్తకాలు సకాలంలో అందించిన తన మిషను గురించి ఎపేలీగారు వ్యాపారుల సంఘంలో ప్రసంగించారు. అదే మిషనును అనుమతి లేకుండా వేసిన మెకానిక్ మళ్ళీ తమ గడప తొక్కరాదని ఏజెన్సీకి ఉత్తరం రాశారు. రెండింటికీ ఆయనకు మనస్సాక్షి ఒక్కటే సరిపోయింది.

ఏజెన్సీ యజమాని ఐసాకేను పిలిచి, చేసింది మంచి పనే అన్నాడు. పై సోమవారం నుంచి లౌతోకా బ్రాంచిలో చేరమన్నాడు. దీవికి ఆ చివర. బస్సులో సగం రోజు.

ఆ మధ్యాహ్నం అతను ప్రెస్సు గేటు బయట నిలబడ్డాడు. కెలెరా వచ్చింది. చేతికి కట్టు.

"ఉద్యోగం పోయిందటగా?"

"పోలేదు. లౌతోకాకి మార్చారు."

"కాగితాల కోసం ఇంత పని చేశావా?"

"కాగితాల కోసం కాదు."

ఆమె నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగింది. సన్నగా తుంపర మొదలైంది. ఇద్దరూ కదల్లేదు.

"టౌవూ మాటేనా ఇది?" అంది నెమ్మదిగా.

"కాదు. ముందు చెప్పినవీ కావు. ఒకటైతే ఫారంలో కూడా రాశాను. నువ్వు సంతకం పెట్టావు."

"ఏమని రాశావు?"

చెప్పాడు. ఆమె చాలాసేపు గేటు ఊచలు లెక్కపెట్టింది.

"చూడు ఐసాకే. నువ్వు ఏం చెప్పినా నాకు నవ్వొస్తుంది. అలా అలవాటైపోయింది. ఇంటికెళ్ళాక నవ్వు రాదు. అప్పుడు ఏడుపొస్తుంది, ఇదంతా నిజంగా ఆటేనేమోనని. కాబట్టి నువ్వు చెప్పొద్దు. నవ్వకుండా చెప్పగలిగే వాళ్ళను పంపు."

ఆ సాయంత్రమే ఐసాకే కందావుకు ఫోను చేశాడు.

శనివారం ఉదయం అతని పినతండ్రి వైసాలే, ఇంకో ఇద్దరు పెద్దలతో ఓడ దిగాడు. లుంగీల్లాంటి కొత్త సులూలు కట్టుకుని, ఐసాకేను వెంటబెట్టుకుని, ఊరి శివారు నసీనూలో కెలెరా వాళ్ళింటికి వెళ్ళారు. కెలెరా తండ్రి సకియుసా, రిటైరైన బస్సు డ్రైవరు, చాప మీద కాళ్ళు మడిచి కూర్చున్నాడు. వచ్చింది టౌవూలని తెలిసి, వరస ప్రకారం నెత్తిన కుమ్మరించడానికి ఆడవాళ్ళు తలుపు చాటున నీళ్ళ బకెట్లతో సిద్ధంగా ఉన్నారు.

వైసాలే చంకలోని మూట విప్పాడు. తిమింగలం పన్ను. తాతల చేతుల్లో తిరిగి తిరిగి తేనె రంగుకొచ్చిన టంబూవా. అది కనబడగానే తలుపు చాటున గుసగుస ఆగిపోయింది. బకెట్లు నేల మీదికి దిగాయి. టంబూవా ముందు ఎవరూ వేళాకోళం ఆడరు.

రెండు చేతులా దాన్ని పట్టుకుని వైసాలే మాట్లాడాడు. ఈ ఇంటి పిల్లను మా ఇంటికి అడగడానికి సముద్రం దాటి వచ్చామన్నాడు. మావాడు పెద్ద తెలివైనవాడు కాదు గానీ, ఒకరి నొప్పి చూసి ఊరుకోలేడన్నాడు.

అందుకుంటే సంబంధం ఒప్పుకున్నట్టే; సకియుసా వెంటనే చెయ్యి చాపలేదు. వెనక్కి తిరిగాడు. "కెలెరా, ఏమంటావమ్మా? తీసుకోనా?"

కెలెరా తలుపు దగ్గరికొచ్చింది. ఏదో చురక వేయబోయినట్టు పెదవులు కదిలాయి.

"తీసుకో నాన్నా," అంది చివరికి. కళ్ళ నిండా నీళ్ళు.

తండ్రి పన్ను అందుకున్నాడు. చాప చుట్టూ అరచేతులు గుండ్రంగా మడిచి కొట్టిన చప్పట్లు గంభీరంగా మోగాయి.

ఆమె ఏడుస్తుంటే ఐసాకే తట్టుకోలేకపోయాడు. పెద్దల వెనకనుంచి మెడ సాచి గుసగుసగా బతిమాలాడు. "కెలెరా, ఒక్క మాట అను. ఏదో ఒకటి తిట్టు."

కెలెరా కట్టున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"లౌతోకాలో ఎప్పుడోగానీ వాన పడదట. కాగితం దానంతటదే తిన్నగా ఉంటుందట. ఇక అక్కడ నీకు మీటలెక్కడ తిప్పాలో చెప్పే పని నాకుండదు. నేను ఏదో ప్రెస్సులో చేరతాను, సాయంత్రం ఆరింటికి వస్తాను. నువ్వు వంట నేర్చుకో."

ఇల్లు నవ్వులతో ఘొల్లుమంది. ఒక బకెట్టు తలుపు చాటునుంచి లేచి, ఐసాకేను కొత్త సులూతో సహా తలనుంచి కాళ్ళదాకా తడిపేసింది.