పాట ఆగితే లాగాలి

అలజానీ లోయ దాటాక మట్టిరోడ్డు ద్రాక్షతోటల మధ్య నుంచి కొండెక్కుతుంది. కోతలు అయిపోయాయి. తీగల మీద ఎండాకులు మాత్రం మిగిలాయి. లమారా ముందు, ఆమె తమ్ముడు గెలా వెనక, సైకిళ్ళు తొక్కుతున్నారు. వచ్చే వేసవికి యాత్రికుల్ని ఈ తోటల్లో సైకిళ్ళ మీద తిప్పాలని వాళ్ళ ఆలోచన. చివరి మజిలీకి, వైన్ పులియబెట్టే పాత కొట్టు ఒకటి కావాలి.

దారిలో గొలుసు ఊడితే ఎక్కిస్తూ గెలా కుడి అరచెయ్యి కోసుకున్నాడు. లమారా తన ఎర్ర రుమాలు కట్టింది.

"మెల్లగా అక్కా. చెయ్యి నాది."

"ఇది ఊడితే ఎడంచేత్తో తాగుదువుగాని. నీ తాగుడు ఆగదులే."

ఊరి చివరింటి గడపలో ఎలిసో అనే ముసలావిడ అక్రోట్లు పగలగొడుతోంది. మంచినీళ్ళు అడిగితే లేవలేదు.

"పైన పాత కొట్టు తెరిచే ఉంటుందా అవ్వా?" అంది లమారా.

"ఉంటే నీకెందుకు?"

"చూసిపోదామని."

"అక్కడ బానలు కడగడం మా నాన్న రోజుల్లోనే మానేశారు. పాట వినిపిస్తే మాత్రం వచ్చిన దారినే పోండి." తలుపు వేసుకుంది.

"తన వైన్ అమ్ముడుపోవాలని పక్క కొట్టుకి దెయ్యాన్ని అంటగడుతోంది," అన్నాడు గెలా.

కొట్టు చేరేసరికి పొద్దు వాలింది. లోపల తడిమట్టి వాసన, దాని వెనక పులిసిన వాసన. నేలలో పీకలదాకా పాతిన మట్టి బానలు, మనిషి నిలబడితే మునిగేటంతవి. అన్నిటి మీదా పలకరాళ్ళు. ఒక్కదాని మూత పక్కన పడి ఉంది. దూలానికి కట్టిన తాడు అందులోకి వేలాడుతోంది.

అందులోంచి పాట వస్తోంది.

అక్కడ పుట్టినవాళ్ళకి ఆ పాట ఏమిటో చెప్పక్కర్లేదు. బాన కడగడానికి దిగినవాడు పాడుతూనే ఉండాలి. పైనున్నవాడు వంత పాడాలి. లోపలి గాలి చెడ్డది, పాట ఆగిందంటే మనిషి పడిపోయినట్టే. అప్పుడు అడగకూడదు, ఆలోచించకూడదు. లాగాలి.

గెలా నోరు దానంతటదే వంత అందుకుంది.

పాట ఆగింది.

ఇద్దరూ తాడు లాగారు. ఉత్త కొస పైకొచ్చింది. తడిగా ఉంది.

"లోపల మనిషున్నాడు," అన్నాడు గెలా, గొంతు తగ్గించి. తాడు విప్పి నడుముకి చుట్టుకున్నాడు.

"వద్దురా."

"గట్టిగా పట్టుకో. పాడుతూనే ఉంటాగా."

దిగాడు. పాడాడు. ఆమె వంత పాడింది. అతని గొంతు కిందికి పోయింది... ఇంకా కిందికి... ఏ బానా అంత లోతు ఉండదు.

పాట ఆగింది.

ఆమె లాగింది. తేలిగ్గా వచ్చాడు. ఒళ్ళంతా తడి. పెదవులు బిగించి ఆమె పక్కన నిలబడ్డాడు.

అప్పుడు కింద మళ్ళీ పాట మొదలైంది. గెలా గొంతే.

"అక్కా... తాడేది?" అంది కిందనుంచి ఆ గొంతు.

లమారా టార్చి తీసి పక్కనున్నవాడి మీదికి తిప్పింది. చేతికి ఎర్ర రుమాలు. తను వేసిన ముడే. అంటే కింద ఉన్నది తమ్ముడు కాదు. ఆమె పలకరాయికి భుజం ఆనించింది. పక్కనున్నవాడూ చెయ్యి వేశాడు.

"అక్కా, నేనే... అక్కా..."

రాయి మూతి మీదికి జరిగింది.

సైకిళ్ళు వేగంగా కొండ దిగాయి. రాయి మూసినా పాట వెంటే వచ్చింది. ఎలిసో ఇంటి దీపం కింద లమారా ఆగింది. కిటికీలోంచి ముసలావిడ గెలాని చూసింది. తెర లాగేసింది.

"చెయ్యి ఇటివ్వు. రుమాలు వదులైందేమో."

అతను చాచాడు. రుమాలు తనదే. ముడి తనదే.

ఎడమ చెయ్యి.

కొండ మీద పాట ఒక్కో చరణం దగ్గర వంత కోసం ఆగి, రాకపోయేసరికి మళ్ళీ తనే అందుకుంటోంది. లమారా సైకిలు వెనక్కి తిప్పింది. తడి చెయ్యి ఒకటి హ్యాండిల్ మీద పడింది.

"ఇంటికి పోదాం అక్కా."

పైన పాట ఆగింది.