ఖాళీ ఫైలుకి వచ్చిన పేరు

చెప్పండి, మీరేం చూశారు? పాట ఇస్తే పాడినవాళ్ల పేరు చెప్పే సాఫ్ట్‌వేర్ మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. ఒకే ఫైలుకి ఒకసారి "తెలియదు" అని, ఇంకోసారి చచ్చిపోయిన మనిషి పేరు చూపించడం మీరెవరైనా చూశారా? చూస్తే దాచకండి. ముసలాడికి మతిపోయిందని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మిల్లు గేటు ముందు సమ్మెలో లాఠీలు తిన్న ఒళ్లు ఇది, నవ్వులకి కందదు.

ఆ గేటు దగ్గరే నా భార్య పాడేది. తోటి కార్మికులు ఆ పాటలన్నీ క్యాసెట్లలో పట్టారు గానీ, వాటి మీద పేర్లు రాయలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లు. మూడు వందల క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆమె మాట్లాడిన అర నిమిషం ముక్క ఒకటి ఫోనులో మిగిలితే, దాన్నే ఆనవాలుగా ఇచ్చి, ఈ గొంతు ఏ ఫైల్లో ఉందో చెప్పమన్నాను.

వ్యవధి ఒక్కరోజే. మర్నాడు నా మరదలికి వినపడే చెవి వెనక గడ్డ తీస్తారు. ఆమెకి ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోదీ దక్కదని డాక్టరు ముందే చెప్పేశాడు.

"అక్క పాట ఒక్కసారి వినిపించు బావా. తర్వాత ఈ చెవి పోయినా ఏడవను," అని పొద్దున్నే వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది.

సాఫ్ట్‌వేర్ పదకొండు ఫైళ్లకి నా భార్య పేరు చూపించి "దొరికింది" అంది. తెరిస్తే ఒక్కదాంట్లోనూ పాట లేదు. బుస్సుమని టేపు చప్పుడు, అంతే. మళ్లీ నడిపితే అవే ఫైళ్లకి "తెలియదు" అంది. ఇంకోసారి నడిపితే మళ్లీ "దొరికింది".

"నీ సావాసం పట్టి అదీ మాట మీద నిలబడటం లేదు బావా."

"నోరు మూసుకుని టీ తాగవే!"

వచ్చిపోయే తప్పుని పట్టాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. వైరు మార్చాను. డిస్కు మార్చాను. ఇంటర్నెట్ తీసేశాను. మధ్యాహ్నం దాటింది. చివరికి అసలు శబ్దమే లేని ఫైలు ఒకటి నేనే తయారుచేశాను. మైకు లేదు, టేపు లేదు, ఐదు నిమిషాల ఉత్త ఖాళీ. దానికి "తెలియదు" అని తీరాలి.

నా భార్య పేరు వచ్చింది.

కిటికీ తెరిచే ఉంది. వీధిలో బళ్లు పోతున్నాయి. అయినా గదిలో ఏదో వాసన... చివరి రోజుల్లో ఆసుపత్రిలో నా భార్య మంచం కింద రోజూ తుడిచే మందునీళ్ల వాసన.

హెడ్‌ఫోను పెట్టుకున్నాను. ఏమీ లేదు. మరదలు లాక్కుంది. తొందరలో చచ్చిన చెవికే ఆనించుకుంది.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఉంది..." గుసగుసగా అంది.

"పాడుతోందా?"

"లేదు... పిలుస్తోంది."

"ఎవర్నే?"

"నన్నే, బావా..."

కంప్యూటర్ కరెంటు వైరు పీకేశాను. తెర ఆరిపోయింది. ఆమె హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. తల మాత్రం పక్కకి వంచే ఉంది... వింటూ.

"ఆగలేదు బావా..."

మర్నాడు ఆపరేషను అయింది. రెండో చెవీ పోయింది. నేను ఇంటికొచ్చి ఆ ఖాళీ ఫైలు మళ్లీ ఇచ్చాను. తెలియదు. ఆ పదకొండింటికీ తెలియదు. వందసార్లు నడిపాను. తప్పు పూర్తిగా పోయింది! బల్ల మీద గుద్దాను. ఒక్కసారి తప్పు చెప్పవే, ఒక్కసారి ఆమె పేరు చూపించవే అని ఆ కంప్యూటర్ని బతిమాలాను. జీవితంలో ఏ యజమాని కాళ్లూ పట్టుకోనివాణ్ణి.

మరదలు రోజంతా తల పక్కకి వంచుకుని కూర్చుంటోంది. మధ్యమధ్య "ఊఁ" అంటోంది. మీ అక్క ఏమంటోందని కాగితం మీద రాసి చూపించాను. చదివి, నన్ను జాలిగా చూసింది.

"నీకు చెప్పొద్దంది బావా."

నిన్న ఆమె నిద్రపోతుంటే మొదట పోయిన ఆ చెవి పక్కన ఫోను పెట్టి ఐదు నిమిషాలు రికార్డు చేశాను. ఆ ఫైలు నా ముందే ఉంది. సాఫ్ట్‌వేర్‌కి ఇంకా ఇవ్వలేదు. మీరైతే ఇస్తారా?