ఏడో అరుగు మీద మేత

"ఏడో అరుగు మీద మాత్రం కూర్చోకండి బాబూ!" అని, ఆ చెరువుకి గాలాలు పట్టుకుని వచ్చేవాళ్లంతా ఒకరికొకరు చెప్పుకునేవారట. చెరువు చుట్టూ నీళ్ల మీదికి చెక్కలతో కట్టిన అరుగులు పన్నెండు. మిగతా పదకొండింటికీ ఏ రోగమూ లేదు. ఏడోదాని మీదే, రెండు నెలల కిందట, చెరువు యజమాని గాలం చేత్తో పట్టుకుని, కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

అప్పట్నుంచి చీకటి పడితే అక్కడ దగ్గు వినిపిస్తుందని ఒకరు... దగ్గు కాదు, ఎవరో నడుస్తున్న చప్పుడని ఇంకొకరు.

చెరువు ఇప్పుడు ఆయన అల్లుడి నెత్తిన పడింది. అల్లుడికి దెయ్యాల భయం లేదు — అంటే, పగటిపూట లేదు. అతని దిగులంతా చేపల గురించే. మామగారు పోయిన దగ్గర్నుంచి గాలానికి ఒక్క చేప పడితే ఒట్టు! టికెట్టు కొని గాలం వేసేవాళ్లు పొద్దస్తమానం నీళ్ల మీద తేలే బెండు వైపు గుడ్లప్పగించి చూసి, తిట్టుకుంటూ పోతున్నారు. ఈ శనివారం ఒక క్లబ్బు నుంచి ఇరవై మంది వస్తున్నారు. వాళ్లు కూడా ఉత్త చేతులతో వెళితే ఇక చెరువు మూసుకోవడమే. పాపం, అతనికి చేతనైన పని ఇంకోటి లేదు.

అందుకే మామగారు నేర్పిన చిట్కానే నమ్ముకున్నాడు. శనివారం చేపలు పడాలంటే గురువారం నుంచి మేత బంద్. కడుపు మాడిన చేపే ఎర మీద పడుతుంది. ఆయన ముప్పై ఏళ్లు ఇంట్లో ఇంకెవరికీ చెప్పకుండా అలాగే నడిపారు. అల్లుడూ తు.చ. తప్పకుండా అదే చేస్తున్నాడు. అయినా వల వేసి చూస్తే ఒక్కోదాని పొట్ట ఉబ్బి ఇంతేసి ఉంటోంది. అంటే, రాత్రిళ్లు ఎవరో మేత వేస్తున్నారు.

అదెవరో తేల్చుకుందామని గురువారం రాత్రి టార్చి పట్టుకుని బయల్దేరాడు.

ఐదో అరుగు దాటాడు... ఆరోది దాటాడు...

చప్... చప్... చప్...

వందల నోళ్లు నీళ్లపైకొచ్చి తింటున్న చప్పుడు. ఏడో అరుగు మీద — తెల్లగా — ఎవరో వంగి నిలబడి ఉన్నారు.

అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి. టార్చి వెలిగించాలన్న సంగతే మరిచిపోయాడు.

"ఎ... ఎవరది?"

"అరవకు నాయనా, బెదిరిపోతాయి."

అత్తగారు! తెల్ల శాలువా కప్పుకుని, చేతిలో రొట్టెముక్కల పళ్లెంతో.

"మీరా అత్తయ్యా! రెండు నెలలుగా నా కొంప ముంచుతున్నది మీరా!" గుసగుసగానే అన్నాడు గానీ ఏడుపొక్కటే తక్కువ.

"మేత గదికి తాళం వేయడం ఇవాళ కళ్లారా చూశాను. నోరులేని జీవాల్ని పస్తులు పెడతావా? మీ మామయ్య ఉండగా ఇలాంటిది ఎరుగుదుమా?"

"ఈ విద్య నేర్పిందే మామయ్య!" అని అతను ఉన్నదంతా కక్కేశాడు.

ఆవిడ నోరు తెరిచారు. "ముప్పై ఏళ్లు కాపురం చేసి నాతో ఒక్క మాట అనలేదే!" అంతలో అల్లుడి వైపు తిరిగారు. "అవునూ, రెండు నెలలంటావేంటి? నేను రావడం ఇదే మొదలు. ఇంకా ఒక్క ముక్క కూడా వేయలేదు."

అల్లుడు టార్చి వేశాడు. పళ్లెం నిండుగా ఉంది.

చప్... చప్... చప్...

వెలుగుని మెల్లగా అరుగు చివరికి తిప్పాడు. అక్కడెవరూ లేరు. కానీ గాల్లోంచి మేత గుప్పెళ్లు గుప్పెళ్లుగా నీళ్లలో పడుతోంది. ఆ వెంటనే ఒక దగ్గు... ఇద్దరికీ బాగా తెలిసిన దగ్గు.

అల్లుడు అత్తగారి శాలువా అంచు పట్టుకున్నాడు. దాచుకోవడమెందుకు, రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆవిడ మాత్రం నడుం మీద చెయ్యి వేసుకున్నారు. "ఏమండీ! బతికున్నన్నాళ్లూ వాటి కడుపులు మాడ్చి, ఇప్పుడు పుట్టుకొచ్చిందా జాలి? ఎల్లుండి చేపలు పడకపోతే పిల్లాడు చెరువు మూసేస్తాడు. మీరు దగ్గరుండి తవ్వించిన చెరువు! ఇక చాల్లెండి, ఇంటికి పదండి!"

చప్పుడు టక్కున ఆగింది.

ఒక్క క్షణం... తర్వాత చెక్కల మీద తడి కాళ్ల అడుగులు — ఒకటి... రెండు... మూడు... ఇద్దరి మధ్య నుంచి చల్లగా దాటుకుని, గట్టెక్కి, ఇంటి వైపు సాగిపోయాయి.

అత్తగారు వెనకనుంచి కేకేశారు.

"కాళ్లు తుడుచుకుని లోపలికెళ్లండి!"