నీలంగా వెలిగిన పొడి

“చిటికెడు పొడి, ఓబులేష్. అది దేశం దాటకూడదు,” అంది ఛాయాదేవి.

గూఢచారి శాఖకు చీఫ్ ఆవిడ. బ్రీఫింగ్‌లో ఎవరికీ కుర్చీ చూపించే అలవాటు లేదు. ఓబులేష్ నిలబడే విన్నాడు. ఎలక్ట్రానిక్ సిటీలోని ఓ మందుల కంపెనీ, ఏ మందుకూ లొంగని క్షయను చంపే కొత్త కాంపౌండ్ తయారుచేసింది. విదేశీ ముఠా ఒకటి దానిమీద కన్నేసింది. శాంపిల్ చిక్కితే చాలు, దాని నిర్మాణం విప్పి చూసి తమదే అంటారు.

“కొనడానికి వచ్చేవాడు విక్టర్. అమ్మేది నేత్రావతి, ఆ కాంపౌండ్‌ను డిజైన్ చేసిన కెమిస్ట్. కంగారుపడకు, మన మనిషే. సీసాలో పంచదార పొడి పోసి ఇస్తుంది. వాడు అందుకోగానే పట్టుకో.”

“కోడ్?”

“‘సర్జాపురలో వానా?’ అని అడుగు. ‘తుంపరే’ అంటుంది.”

మధ్యాహ్నానికి ఓబులేష్ హూడిలోని ఓ పెద్ద హోటల్ లాబీలో, సామాన్లు మోసేవాడి యూనిఫాంలో ఉన్నాడు. కెమిస్ట్రీ చదివి గూఢచారి అయినవాడు. జేబులో పెన్నులా కనిపించేది యూవీ టార్చ్. అసలు కాంపౌండ్ ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది. పంచదార మెరవదు.

నేత్రావతి వచ్చింది. ముదురాకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. లాబీలో తలలన్నీ అటు తిరిగాయి.

“సర్జాపురలో వానా, మేడమ్?”

“తుంపరే,” అంది అతని వైపు చూడకుండా.

లిఫ్ట్ దగ్గర విక్టర్ చెయ్యి చాచాడు. కరచాలనంలో సీసా చేతులు మారింది. ఓబులేష్ సూట్‌కేసు అందుకునే నెపంతో వంగి టార్చ్ నొక్కాడు.

విక్టర్ వేళ్ళ సందున నీలం వెలిగింది.

అసలుదే!

లిఫ్ట్ తలుపులు మూసుకుంటున్నాయి. కింద పార్కింగ్‌లో వాడి కారు సిద్ధంగా ఉంది. ఓబులేష్ సూట్‌కేసును తలుపుల మధ్యకు తోసి, లోపలికి దూకి, విక్టర్ మణికట్టు మెలితిప్పాడు. జారిన సీసాను నేలకు జానెడు పైన ఒడిసిపట్టాడు.

మఫ్టీ పోలీసులు విక్టర్‌ను లాక్కుపోయారు. నేత్రావతి పారిపోలేదు. సోఫాలో కూర్చుని ఉంది.

“ఎందుకు ఇట్ల చేస్తివమ్మా?” కోపంలో అతని నోట ఇంటి మాటే వచ్చింది.

“నీదీ ఈ ఊరేనా అప్పా?” ఆమె కళ్ళద్దాలు తీసింది. “మా తమ్ముడు రామాంజికి ఇదే జబ్బు. ఇంజెక్షన్లకు చెవులు పోయె, జబ్బు పోకపోయె. వాణ్ని మట్టిచేసి వచ్చి ల్యాబ్‌లో కూర్చుంటి. మొదటి మాలిక్యూల్ క్రిమిని చంపె, ఎలుక లివర్‌నూ తినె. దాంట్లో ఒక రింగ్ మారిస్తే లివర్ నిలిచె, మందు రక్తంలో కరగకపోయె. మార్చి మార్చి, కడకు రెండూ కుదిరె. ఎలుకల్లో జబ్బు మాయమాయె.”

“దాన్ని దొంగల చేతికా ఇచ్చేది?”

“కంపెనీ ప్రాజెక్ట్ మూసేసిండాది అప్పా. క్షయ బీదోళ్ళ జబ్బంట, మార్కెట్ లేదంట. ఈ విక్టర్ వాళ్ళు తయారుచేస్తామనిరి.”

“నమ్మితివా?”

“సగమే. ఫ్రిజ్‌లో పడి ఉండేదాని కన్నా ఆ సగం మేలనుకొంటి.”

ఓబులేష్ సీసా చేత్తో పట్టుకుని ఆమె వెంట బయటికి నడిచాడు. పోలీసు జీపు ఎక్కేటప్పుడు ఆమె చూసింది అతన్ని కాదు, సీసాను.

సాయంత్రం కంపెనీ డైరెక్టర్ అమరనాథ్ సీసా అందుకుని దండం పెట్టినంత పని చేశాడు. “మా ఆస్తిని కాపాడారు!”

“మనుషుల మీద ట్రయల్ ఎప్పుడు సార్?”

“ట్రయలా? ఆ ప్రాజెక్ట్ క్లోజ్ అయిందండీ.”

“చేసేవాళ్ళకైనా ఇవ్వొచ్చుగా?”

“మనది ఇంకొకరికి ఎందుకిస్తాం?” అమరనాథ్ నవ్వి డీప్ ఫ్రీజర్ తెరిచాడు. సీసా వెనక అరలోకి పోయింది. తాళం పడింది.

రోడ్డు మీదకు వచ్చేసరికి ఫోన్ మోగింది.

“శభాష్!” అంది ఛాయాదేవి. “నీ పేరు మెడల్‌కు పంపుతున్నా. దేశం సేఫ్.”

“అవును మేడమ్,” అన్నాడు ఓబులేష్. “జబ్బు కూడా.”