తమ్ముడి నెల వచ్చేదాకా

మూతబడ్డ పెట్రోలు బంకు దగ్గర రాత్రిపూట ఎవరు పిలిచినా పలకకూడదని ఆ పేటలో అందరికీ తెలుసు. వాలు మీద బండి గుద్ది చచ్చిపోయాడట, అక్కడ పనిచేసేవాడొకడు. అప్పటినుంచి చెయ్యెత్తి బండ్లు ఆపుతాడట. మనవాళ్ల గొంతుతోనే వరసపెట్టి పిలుస్తాడట. తలుపు తీశామా... అంతే సంగతులు.

చూసినవాళ్లు ఒక్కరూ లేరు. విన్నవాళ్లు మాత్రం ఇంటికిద్దరు.

ఇది ఆ వాలు కింద ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల సంగతి. తండ్రి పోతూ పోతూ ఇద్దరికీ కలిపి ఒక కారు వదిలాడు. దాని వయసు ఇరవై రెండేళ్లు. ఒక నెల అన్న వాడుకోవాలి, ఒక నెల తమ్ముడు. ఎవరి నెలలో పడకేస్తే ఖర్చు వాళ్లది.

దాంతో అది ఎప్పుడు చెడినా ఒకటో తారీఖునే చెడేది. నెలంతా మూలిగినా, ఏ తీగో కట్టి అవతలివాడి నెలలోకి తోసేసేవారు. ఇద్దరూ ఇద్దరే. మాటలు మానేసి ఏడాది దాటింది. తాళంచెవి కూడా చేతికివ్వరు, కిటికీలో పెట్టి పోతారు.

ఆ నెల అన్నది. ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం మెకానిక్ చక్రం వెనక చెయ్యి పెట్టి, తడిసిన వేలు చూపించాడు.

"బ్రేకాయిలు కారిపోతోందండీ. బండి ఇక్కడే వదిలెయ్యండి."

"ఈ ఒక్క రాత్రి ఆగదా?"

"రాత్రి ఆగుతుంది. బండే ఆగదు."

"రేపు మా తమ్ముడు తెస్తాడులే."

"అయితే ఆయనకే చెప్తాను," అన్నాడు మెకానిక్ విసుగ్గా.

అన్నకి ప్రెస్సులో పని ముగిసేసరికి పదకొండున్నర. దారిలో ఫోన్ మోగింది. తమ్ముడు... ఏడాది తర్వాత! ఎందుకో అన్నకి తెలియక కాదు, మెకానిక్ చెప్పేసి ఉంటాడు. ఖర్చు నా నెలలోనే పడెయ్యాలని చూస్తున్నాడు వెధవ, అనుకుని కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

వాలు మొదలైంది. బంకు చీకట్లో ఉంది. రేకుల కప్పు కిందనుంచి ఒక ఆకారం — చెయ్యెత్తి — రోడ్డు మధ్యకి వచ్చింది.

అన్న బ్రేకు తొక్కాడు... పెడల్ నేలదాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు... ఏమీ లేదు. స్టీరింగ్ మొత్తం తిప్పేశాడు. పక్కన ఏదో తగిలింది. కారు ఇసుకగుట్ట ఎక్కి ఆగిపోయింది.

చేతి గడియారం చూశాడు. పదకొండూ నలభై ఎనిమిది.

నోరెండిపోయినా లెక్క మాత్రం మరిచిపోలేదు. ఇంకా పన్నెండు నిమిషాలు తన నెలే. ఇప్పుడు ఎవర్ని పిలిచినా ఖర్చంతా తన నెత్తినే.

వెనక డిక్కీ మీద — టక్... టక్.

గబగబా అద్దాలెత్తి తలుపులకి గడియలు నొక్కాడు.

"అన్నా..."

గుసగుసలా వినిపించింది. అచ్చం తమ్ముడి గొంతే. బంకువాడి సంగతి ముందే తెలుసు కాబట్టి సరిపోయింది, లేకపోతే తలుపు తీసేవాడే.

"అన్నా... తలుపు తియ్యి..."

అన్న చెవులు మూసుకున్నాడు. కళ్లు మాత్రం గడియారం మీదే. యాభై మూడు... యాభై ఆరు... పిలుపు సన్నబడింది. యాభై ఎనిమిదికి ఆగిపోయింది. పీడ విరగడైంది, అనుకున్నాడు.

పన్నెండు దాటింది.

నీ నెలలోనే పోయిందిరా బ్రేకు, వచ్చి చూసుకో అని చెప్పాలి. అంత భయంలోనూ నవ్వొచ్చింది. తమ్ముడికి ఫోన్ కలిపాడు.

మోగింది. చెవి దగ్గర ఒకసారి... కారు వెనక, ఇసుకలో, ఇంకోసారి.

ఎవరూ ఎత్తలేదు.