తగ్గింపు బ్యానరు

బ్యానర్లు వేసే ఆ కుర్రాడికి తన పనంటే మహా గర్వం. షాపు గోడ మీద తనే పెద్దక్షరాలతో రాసి పెట్టుకున్నాడు: 'మా దగ్గర తప్పులు దొర్లవు.'

సరిగ్గా ఆ గోడ కిందే నిలబడి, వానకు తడిసిన ఒక అమ్మాయి తన ఫోను అతని ముక్కు ముందు పెట్టింది. అందులో స్టేషను వెనక హాలుకు అతను కట్టించిన బ్యానరు ఫోటో ఉంది. 'తగ్గింపు! మూడు రోజులే! త్వరపడండి!' పక్కన రంగురంగుల షాపింగ్ బ్యాగులు.

ఆమె సండేస్కూల్ టీచరు. వాళ్ల నాన్న పాస్టరు. పొద్దుటి నుంచి జనం సంచులతో వచ్చి, బట్టలు ఏ గదిలో ఉన్నాయని ఆయన్ను అడుగుతున్నారట.

"తగ్గింపంటే రేటు కాదండీ. మనిషి తనను తాను తగ్గించుకోవడం. బైబిల్లో మాట. దాని మీదే ఆ హాల్లో మూడు రోజుల ప్రార్థన కూటాలు," అంది.

నవ్వు ఆపుకుంటూనే అతను వాదనకు దిగాడు. ఫోనులో తగ్గింపు అన్నారు, మూడు రోజులన్నారు, అందరూ రావాలన్నారు, ఇందులో నా తప్పేముందన్నాడు.

"మీకు తగ్గడం రాదని గోడే చెబుతోంది లెండి," అనేసి ఆమె వానలోకి వెళ్లిపోయింది.

ఆ మాట అతనికి చురుక్కుమంది. అంతకన్నా చిక్కేమిటంటే, ఆమె అప్పుడే మనసులో తిష్ఠ వేసుకుని కూర్చుంది.

ఉండబట్టలేక ఫోను తీసి చూశాడు. అచ్చు వేసేముందు సరిచూడమని ముందు రోజు తను పంపిన ప్రూఫు కింద ఆమె జవాబు ఉంది: 'ఓకే'. అతని మొహం వెలిగిపోయింది. ఇది చూపిస్తే చాలు, నోరు మూతపడుతుంది.

చూపిస్తే తను గెలుస్తాడు. ఆమె మళ్లీ ఈ గుమ్మం తొక్కదు. అయినా, 'ఏ తగ్గింపండీ?' అని ఒక్క మాట అడగడానికి తనకే నామోషీ అడ్డొచ్చిందని అతనికి తెలుసు. ఫోను జేబులో పెట్టేసి మెషిన్ ఆన్ చేశాడు.

సాయంత్రం కొత్త బ్యానరు భుజాన వేసుకుని వెళ్లి, నిచ్చెనెక్కి తనే కట్టాడు. దిగి, గుమ్మంలో ఉన్న పాస్టరు గారితో అందరూ వినేలా, "తప్పు నాదండీ. అడగకుండా వేశాను," అన్నాడు. ఆయన లోపలికి తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

తగ్గింపు గురించి చెప్పడానికి లేచిన టీచరు, అతన్ని చూసి కాగితం మడిచేసింది.

"ఆ ప్రూఫు నాకు పంపారు. తెరవకుండానే ఓకే పెట్టాను. ఇవాళ వెళ్లి ఆయన మీదే అరిచాను. నా మెసేజి చూపించి నా నోరు మూయించొచ్చు, చూపించలేదు. నేను చెప్పాల్సిన పాఠం ఆయన చేసి చూపించారు. క్షమించండి."

సంచులతో వచ్చి కూర్చుండిపోయిన జనం చప్పట్లు కొట్టారు. అతను మాత్రం చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఆర్నెల్లు తిరిగేసరికి గోడ మీద రాత పోయింది. ఆమె ఫోనుకు ఒక ప్రూఫు వచ్చింది. పెళ్లి కార్డు. ఆమె పేరు పెద్దగా పైన, అతని పేరు కనిపించీ కనిపించనట్టు కింద. తెరిచి చూడకుండా ఓకే పెట్టొద్దని కూడా రాశాడు.

ఆమె తెరిచింది. నాన్నకు చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, నవ్వి, తలూపారు.

అప్పుడు జవాబు పెట్టింది: "మరీ ఇంత తగ్గకండి. రెండు పేర్లూ ఒకే సైజులో ఉండాలి. మిగతాదంతా ఓకే."